ఒకరి స్కోరు, ఇద్దరి ఇల్లు

ఒక జంటను ఊహించుకుందాం. హైదరాబాద్‌లోని మియాపూర్ దగ్గర 70 లక్షల ఫ్లాటు చూసుకున్నారు. అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నారు. 45 రోజుల్లో మిగతా సొమ్ము కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆమెకు చేతికొచ్చే జీతం నెలకు 65 వేలు, అతనికి 45 వేలు. బ్యాంకులో లోన్ల సీటు దగ్గర ఇద్దరి పాన్ నంబర్లూ కొట్టాక ఆఫీసరు తెరను కాస్త ఇటు తిప్పారు. ఆమె స్కోరు 781. అతనిది 642. "మీ పేరు మీద పాత క్రెడిట్ కార్డు ఒకటి సెటిల్డ్ అని చూపిస్తోంది సార్." అతను భార్య వైపు చూడలేదు. 2020 లాక్‌డౌన్‌లో జీతం ఆగిన నెలల్లో వాడుకున్న కార్డది. బాకీ 62 వేలకు చేరాక వసూలు ఏజెంటు ఫోన్ చేసి, 24 వేలు కట్టేస్తే ఖాతా మూసేస్తామన్నాడు. కట్టేశాడు, పీడ వదిలిందనుకున్నాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

పెళ్లిచూపుల్లో జాతకం అడుగుతాం, ప్యాకేజీ అడుగుతాం, ఊళ్లో పొలం ఎంతుందో వాకబు చేస్తాం. బాకీలు ఎన్ని ఉన్నాయని అడగడం మాత్రం మనకింకా మర్యాద అనిపించదు. అందుకే భర్త అప్పు సంగతి భార్యకు, భార్య అప్పు సంగతి భర్తకు మొదట చెప్పేది చాలా ఇళ్లలో బ్యాంకు తెరే.

సిబిల్ అన్నది నిజానికి ఒక కంపెనీ పేరు. ఫొటోకాపీకి జెరాక్స్ అన్నట్టు, మన వాడుకలో అది స్కోరుకే పేరైపోయింది. 2000లో పుట్టిన ఆ కంపెనీతో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఇదే పనిలో ఉన్నాయి. నాలుగూ 2005 నాటి క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం కింద రిజర్వు బ్యాంకు అనుమతితో నడుస్తాయి. స్కోరు 300 నుంచి 900 దాకా. ఈ చిట్టా మనిషికొకటి. పెళ్లయితే రెండు చిట్టాలు కలిసిపోవు, విడాకులైతే ఉమ్మడి అప్పు చీలిపోదు. భర్త కార్డు బకాయి దానంతటది భార్య రిపోర్టులోకి ఎక్కదు. ఇద్దరూ సంతకం పెట్టిన అప్పు, ఒకరికొకరు హామీ ఉన్న అప్పు మాత్రమే ఇద్దరి రిపోర్టుల్లోనూ కనిపిస్తాయి. అంతదాకా ఎవరి దారి వారిదిగా సాగిన రెండు చరిత్రలు మొదటిసారి ఎదురెదురు కూర్చునేది గృహరుణం దరఖాస్తు మీదే.

మరి అతన్ని పక్కన పెట్టి ఆమె ఒక్కతే అప్పు తీసుకోవచ్చు కదా? లెక్క వేసి చూస్తే ఎక్కడ చిక్కుకుంటుందో తెలుస్తుంది. అప్పు మొత్తం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే ఈ ఫ్లాటుకు 56 లక్షలు. మిగతా 14 లక్షలు సొంతంగా తెచ్చుకోవాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు దీనికి అదనం. వడ్డీ ఎనిమిదిన్నర శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే వాయిదా నెలకు 48,600 దాకా పడుతుంది. జీతంలో సగానికి మించి వాయిదాలకు పోకూడదని బ్యాంకు గీత గీసిందనుకుందాం. ఆమె జీతం ఒక్కటే చూస్తే 32,500 వాయిదాకు 37 లక్షల అప్పు దగ్గరే ఆగిపోతుంది. ఇద్దరి జీతాలూ కలిపితే 56 లక్షలు ఇబ్బంది లేకుండా వస్తాయి. తేడా దాదాపు 19 లక్షలు. అతని 45 వేల జీతం కావాలి. దాని వెనకే 642 కూడా వచ్చి కూర్చుంటుంది.

ఇద్దరిలో ఎవరి స్కోరు లెక్కలోకి తీసుకుంటారన్నదానికి దేశమంతటికీ ఒకే సూత్రం లేదు. కొన్ని బ్యాంకులు తక్కువ స్కోరునే పట్టుకుంటాయి. కొన్ని ప్రధాన దరఖాస్తుదారు స్కోరు చూసి, రెండో మనిషికి కనీసం ఇంత ఉండాలని గీత పెడతాయి. ఎవరి స్కోరు ఎంతున్నా సెటిల్డ్, రిటన్ ఆఫ్ (రాని బాకీ కింద రాసేసింది) అన్న మాటలు కనిపించగానే ఫైలు పక్కన పెట్టేవీ ఉన్నాయి. స్కోరును బట్టి వడ్డీ మార్చే పద్ధతి మాత్రం ఇప్పుడు బహిరంగమే. బ్యాంక్ ఆఫ్ బరోడా 2017 జనవరిలో గృహరుణ వడ్డీని స్కోరుకు ముడిపెట్టినప్పుడు 760, ఆపై స్కోరున్న వారికి 8.35 శాతం, అట్టడుగు మెట్టు వారికి 9.35 శాతం ప్రకటించింది. నూరు పాయింట్లు కూడా లేని తేడాకు ఒక శాతం వడ్డీ పెరిగిపోవచ్చన్నమాట. మన జంటకు అందులో సగం, అంటే అరశాతమే పెరిగిందనుకున్నా వాయిదా 50,385 అవుతుంది. నెలకు 1,787 రూపాయలు ఎక్కువ. 20 ఏళ్లకు 4 లక్షల 29 వేలు. తీరని 38 వేల కార్డు బాకీ వసూలు చేసే వడ్డీ ఇది.

ఇంత తేడా చేసే నిర్ణయం ఎలా జరిగిందో అప్పు తీసుకున్నవారికి కాగితం మీద కనపడదు. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే ప్రతి కొత్త టర్మ్ లోనుకూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. మంచి కాగితమే. ప్రామాణిక రేటు ఎంత, దాని మీద బ్యాంకు కలిపే స్ప్రెడ్ ఎంత, అన్ని రుసుములూ కలిపితే ఏడాదికి పడే అసలు భారం ఎంత అన్నదంతా గడుల్లో ఉంటుంది. ఆ స్ప్రెడ్ ఎవరి స్కోరు చూసి వేశారన్న గడి లేదు. ఇంకో గడి పెట్టడానికి బ్యాంకులకు ఖర్చేమీ కాదు. ఇద్దరు దరఖాస్తుదారులున్న ప్రతి రుణంలోనూ ఎవరి స్కోరుకు ఏ రేటు పడిందో రాసివ్వాలన్న నిబంధన వస్తే, భార్యాభర్తలు కలిసి తీసుకోవాలో విడిగా తీసుకోవాలో కనీసం లెక్క చూసి తేల్చుకోగలుగుతారు.

వడ్డీ కన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. అది సేల్ డీడ్ దగ్గర బయటపడుతుంది.

ఇంటికి ఎంతమంది యజమానులుంటే అంతమందీ అప్పులో సహ దరఖాస్తుదారులుగా ఉండాలని మన బ్యాంకులు పట్టుబడతాయి. సహ దరఖాస్తుదారు యజమాని అయ్యి తీరాలని మాత్రం అడగవు. అంటే అప్పులో వాటా ఉండి ఇంట్లో వాటా లేకపోవచ్చు. ఇంట్లో వాటా ఉండి అప్పులో లేకుండా ఉండటం కుదరదు. స్కోరు బాగాలేని మనిషిని అప్పు నుంచి తప్పిస్తే దస్తావేజు నుంచి కూడా తప్పించినట్టే. ఇల్లు ఎవరి పేరున ఉండాలన్నది మొగుడూ పెళ్లాల మధ్య తేలాల్సిన సంగతి. ఇప్పుడు దాన్ని తేలుస్తున్నది మూడంకెల స్కోరు.

ఈ జంటలో తప్పుకోవాల్సింది భర్త కాబట్టి ఇంట్లో పెద్ద చర్చే జరుగుతుంది. ఇల్లంతా కోడలి పేరునా అని అత్తగారింట్లో ఎవరో ఒకరు అడగక మానరు. స్కోరు తక్కువున్నది భార్యకైతే ఈ చర్చే ఉండదు. 'నీ సిబిల్ బాగాలేదు కదా, నా ఒక్కడి పేరున చేయిస్తా' అన్న మాటతో సరి. రెండు జీతాలతో కట్టిన ఇంటికి ఒకే పేరు మిగలడం వెనక దురాలోచన ఉండనక్కర్లేదు. బ్యాంకు అడిగింది కాబట్టి అలా చేశామని ఎవరైనా అంటారు, అది అబద్ధం కూడా కాదు.

ఆడవాళ్ల స్కోరు తక్కువుండటానికి కారణాలు కూడా విచిత్రంగా ఉంటాయి. పదేళ్లుగా నెలనెలా చీటీ తప్పకుండా కట్టి, పాడుకున్న డబ్బు మీద కసర కూడా లెక్కగట్టగల గృహిణికి సిబిల్‌లో స్కోరే ఉండదు. చీటీ క్రమశిక్షణ ఆ చిట్టాకెక్కదు. రిపోర్టులో ఆమె పేరు పక్కన మైనస్ 1 అని వస్తుంది. అది చెడ్డ స్కోరు కాదు, చరిత్ర లేదన్న గుర్తు. రెంటికీ తేడా చూడని సిబ్బందికీ కొదవ లేదు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగేవారి దరఖాస్తు తిప్పికొట్టొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నాటి ఆదేశాల్లో చెప్పింది. మొదటిసారి అప్పు తీసుకునేవారికి కనీస స్కోరు షరతేమీ లేదని ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటుకు కూడా తెలిపింది. బ్యాంకుకు వెళ్లేముందు ఈ రెండు విషయాలూ తెలిసుంటే మాట్లాడటానికి ధైర్యం వస్తుంది. ఇక స్కోరుండి చెడినవారి సంగతి. కార్డు భార్య పేరున తీసుకుని వాడింది భర్త అయినా, తమ్ముడి బండి లోనుకు అక్క హామీ సంతకం పెట్టినా, కట్టని వాయిదా గుర్తులు సంతకం పెట్టిన మనిషి రిపోర్టులోనే పడతాయి. హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతుంది. 'ఊరికే ఒక సంతకం' అన్నది ఆ చట్టంలో లేదు.

ఊళ్లో పొలం ఉన్నవారిది మరో కథ. పాసుపుస్తకం కొడుకు పేరున ఉంటుంది, పంట రుణం తండ్రి నడుపుతుంటాడు. 2014లో తెలంగాణ లక్ష రూపాయల దాకా రుణమాఫీ ప్రకటించి నాలుగు విడతల్లో చేసింది. ఆంధ్రప్రదేశ్ కుటుంబానికి లక్షన్నర దాకా ప్రకటించి అదీ విడతల వారీగానే ఇచ్చింది. మాఫీ అవుతుంది కదా అని రెన్యూవల్ ఆపేసిన ఖాతా బ్యాంకు కంటికి బకాయి ఖాతాయే. స్వల్పకాలిక పంట రుణమైతే రెండు పంట కాలాలు దాటేసరికి నిరర్థక ఆస్తి కింద చేరుతుంది. హైదరాబాద్‌లో ఫ్లాటు కొనబోయే కొడుకు తన పేరున అలాంటి ఖాతా ఒకటుందని అప్పటిదాకా ఆలోచించి కూడా ఉండడు.

ఒకపక్క ప్రభుత్వాలేమో ఇల్లు ఆడవాళ్ల పేరున ఉండాలంటాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో బలహీన, అల్పాదాయ వర్గాలకు వడ్డీ రాయితీ కావాలంటే మహిళ యజమానిగానో సహ యజమానిగానో ఉండాలన్న షరతు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీ మహిళల పేరిటే జరిగింది. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లు కూడా అంతే. దస్తావేజులో ఆమె పేరుంటేనే రాయితీ అని పథకం అంటుంది. దస్తావేజులో పేరుంటే అప్పులోనూ పేరుండాలని బ్యాంకు అంటుంది. అప్పులో పేరుంటే స్కోరు చూస్తామంటుంది. మూడు మాటలూ విడివిడిగా సబబే. కలిపి చూస్తే, ఏ ఆడమనిషికి ఇంటి హక్కు ఇద్దామని పథకం పెట్టారో ఆమె దగ్గరే ఫైలు ఆగిపోతుంది.

యజమానులంతా అప్పులో ఉండాలన్న పట్టుదల వెనక బ్యాంకుల భయం అర్థం కానిది కాదు. రేపు వాయిదాలు ఆగి ఇల్లు వేలం వేయబోతే, అప్పుతో సంబంధం లేని సహ యజమాని కోర్టుకెళ్లి నా వాటా నాదంటే ఏం చేయాలి? కానీ దీనికి జవాబు చట్టంలోనే ఉంది. ఒకరి అప్పుకు ఇంకొకరి ఆస్తిని తనఖా పెట్టడం మన దగ్గర కొత్తేమీ కాదు. కొడుకు రైస్ మిల్లు లోనుకు తల్లి పేరున ఉన్న ఇంటి స్థలం తనఖా పెట్టిన కాగితాలు ఏ జిల్లా బ్రాంచిలో చూసినా కనిపిస్తాయి. 2002 నాటి సర్ఫేసీ చట్టం బాకీదారు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో, హామీ ఇచ్చిన వారితో పాటు అప్పు కోసం తనఖా పెట్టిన వారిని కూడా చేర్చింది. వ్యాపార రుణాలకు రోజూ వాడే ఈ ఏర్పాటును గృహరుణాలకు ఎందుకు వాడరు? సహ యజమాని తన వాటాను తనఖా పెడుతున్నట్టు సంతకం చేస్తే బ్యాంకు భద్రతకు లోటుండదు, ఆ మనిషి స్కోరుతో పనీ ఉండదు. జీతం లెక్కలో చేర్చనప్పుడు స్కోరెందుకు లెక్కలోకి రావాలి?

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు ఈ విడదీత తెలుసు. అక్కడ అప్పు పత్రం వేరు, హక్కు పత్రం వేరు. అప్పు ఒకరే తీసుకుని, హక్కు పత్రంలో భార్యాభర్తలిద్దరూ ఉండొచ్చు. అప్పు తీసుకోని మనిషి తనఖా పత్రం మీద మాత్రం సంతకం పెడతారు. కలిసి అప్పు తీసుకుంటే అక్కడా తిప్పలు తప్పవు. ప్రభుత్వ పూచీ ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ రుణాల్లో ప్రతి మనిషికీ మూడు స్కోర్లలో మధ్యది తీసుకుని, ఇద్దరిలో ఎవరిది తక్కువైతే దాన్నే పట్టుకుంటారు. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి ఉమ్మడి ఆస్తి రాష్ట్రాల్లో ఇంకో మెలిక ఉంది. ఎఫ్‌హెచ్‌ఏ రుణం ఒక్కరే తీసుకున్నా రెండోవారి బాకీలు నెలసరి భారంలో కలుపుతారు, స్కోరు మాత్రం చూడరు. నిబంధనలు చిక్కుగానే ఉన్నా రాసి ఉన్నాయి. డాలస్‌లో ఉన్న జంట దరఖాస్తు పెట్టకముందే ఎవరి స్కోరు పనిచేస్తుందో చెప్పుకోగలదు. మియాపూర్ జంటకు ఆ వీలు లేదు.

కలిసి సంతకం పెట్టడమే ప్రేమకు గుర్తని అనుకునేవారు కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ కూడా చూడాలి. ఉమ్మడిగా మాటిచ్చిన వారిలో ఎవరి దగ్గరి నుంచైనా మొత్తం వసూలు చేసుకోవచ్చని అది చెబుతుంది. సగం అప్పు నాది, సగం నీది అన్నది ఇంట్లో ఒప్పందమే గానీ బ్యాంకుకు వర్తించదు. భార్యాభర్తలు విడిపోయి, వాయిదాలు భర్తే కట్టాలని రాజీ పత్రం రాసుకున్నా ఆ పత్రంలో బ్యాంకు పక్షం కాదు. ఒక నెల వాయిదా తప్పితే 781 స్కోరున్న మనిషి రిపోర్టులో కూడా ఆ గుర్తు పడుతుంది. కాబట్టి బలహీనమైన చరిత్ర ఉన్న మనిషిని కొన్నాళ్లు అప్పుకు దూరంగా ఉంచడం ఆ కుటుంబానికి మేలే చేయొచ్చు. ఇద్దరి స్కోర్లూ ఒకేసారి మునిగిపోతే రేపు పిల్లల చదువుకు అప్పు అడిగేవారు ఇంట్లో మిగలరు. పన్ను రాయితీ కోసమని ఇద్దరి పేర్లూ ఇరికించే అలవాటుకు కూడా ఇప్పుడు బలం తగ్గింది. సొంతంగా ఉండే ఇంటికి తలా 2 లక్షల వడ్డీ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే. అదీ యజమానిగా, రుణగ్రహీతగా రెండు చోట్లా పేరుండి వాయిదా కట్టినవారికే.

సరే, చెడిన చరిత్రను బాగుచేసుకోవడం ఎలా? రిపోర్టు తెరిస్తే ప్రతి ఖాతా కింద నెలకొకటి చొప్పున 36 గడుల వరుస ఉంటుంది. గడిలో 000 ఉంటే ఆ నెల వాయిదా వేళకు పడ్డట్టు. 030 ఉంటే ముప్ఫై రోజులు ఆలస్యం. ఎక్స్‌లు మూడు ఉంటే బ్యాంకు ఆ నెల వివరం పంపలేదని అర్థం. ఈ వరుసలు చూసుకోవడానికి నాలుగు కంపెనీల నుంచీ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితం. 2017 నుంచి ఉన్న హక్కే గానీ వాడుకునేవారు తక్కువ. ఏజెంటుకు ఐదొందలిచ్చి తీయించుకునేవారు ఎక్కువ. సొంతంగా చూసుకుంటే స్కోరు తగ్గదు. ఒకే వారంలో ఒకే ఫైలును ఐదు బ్యాంకుల్లో లాగిన్ చేయించే లోన్ల ఏజెంటు (డీఎస్‌ఏ) చేతికి కాగితాలిస్తే మాత్రం ఐదు విచారణలు నమోదై స్కోరు కిందికి జారుతుంది.

ఖాతాలో తప్పుంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. అప్పటికీ తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. 2022 సెప్టెంబరు నుంచి ఈ స్కోరు కంపెనీలు కూడా ఆయన పరిధిలోకి వచ్చాయి. తప్పు కాకుండా నిజంగానే సెటిల్డ్ అని ఉంటే మాత్రం దారి ఒకటే. అప్పుడు బ్యాంకు వదులుకున్న మిగతా సొమ్మును ఇప్పుడు కడతామని అడిగి, కట్టి, నో డ్యూస్ పత్రం తీసుకుని, ఆ ఖాతాను క్లోజ్డ్ అని మార్పించుకోవాలి. మా మీద కేసేమీ లేదు కదా, మళ్లీ ఎందుకు కట్టాలని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఈ రికార్డును స్కోరు కంపెనీలు కనీసం ఏడేళ్లు దాచిపెట్టాలి. మరిచిపోతారులే అనుకుంటే అంతకాలం ఎదురుచూడాలి.

ఆగలేనివారికి మధ్యే మార్గం ఒకటుంది. ఇప్పటికి ఎక్కువ వడ్డీకే తీసుకుని, రెండేళ్లు వాయిదాలు తప్పకుండా కట్టి, స్కోరు లేచాక వేరే బ్యాంకుకు మార్చుకోవడం. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చినా జరిమానా వేయకూడదు కాబట్టి ఇది లెక్కకు కుదురుతుంది. కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము, తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చు మాత్రం మళ్లీ పడతాయి. ఆమె ఒక్కదాని పేరున కొని తర్వాత అతన్ని దస్తావేజులో చేర్చుకుందామనుకునే వారికి ఖర్చు ఇంకా ఎక్కువ. దాన సెటిల్‌మెంట్ దస్తావేజుకు మళ్లీ స్టాంపు డ్యూటీ కట్టాలి. ఇల్లు తనఖాలో ఉన్నంతకాలం బ్యాంకు అనుమతి కూడా కావాలి.

మియాపూర్ జంట దగ్గర ఇక 31 రోజులున్నాయి. అతను నెల మొదటి వారంలోనే పాత కార్డు బ్యాంకుకు వెళ్లి మిగిలిన 38 వేలు కట్టాడనుకుందాం. 2025 నుంచి బ్యాంకులు నెలకు కనీసం రెండుసార్లు ఖాతాల వివరాలు పంపాలి. ఆ వివరం చేరి రిపోర్టులో మారేసరికి నాలుగో వారం వస్తుంది. అప్పటికి ఖాతా పక్కన మాట మారుతుంది గానీ, 642 ఎంతకు చేరుతుందో, చేరడానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ రాసివ్వరు. ఆమె అమ్మను సహ దరఖాస్తుదారుగా చేరుద్దామా అంటే పింఛను చిన్నది, వయసు పెద్దది. బిల్డరు ఇంకో నెల గడువివ్వడానికి లక్ష అదనంగా అడుగుతున్నాడు. సేల్ డీడ్ డ్రాఫ్టులో కొనుగోలుదారు పేరు రాయాల్సిన చోటును డాక్యుమెంట్ రైటర్ ఇంకా ఖాళీగానే ఉంచాడు.